24 లక్షల జీతం డల్లాస్‌లో 1,17,000 డాలర్లతో సమానమా?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. హైదరాబాద్‌లో ఏడాదికి 24 లక్షల జీతం, మీ మిసెస్ కూడా ఉద్యోగం చేస్తున్నారు, ఆమెకు నెలకు 80 వేలు చేతికొస్తుంది, ఒక పాప, మియాపూర్‌లో అద్దె ఫ్లాట్. డల్లాస్ నుంచి 1,05,000 డాలర్ల ఆఫర్ వచ్చింది. నెట్‌లో ఏదో పీపీపీ (కొనుగోలు శక్తి సమానత, అంటే రెండు దేశాల్లో సరుకుల ధరల్ని పోల్చి తీసిన మారకం రేటు) కాలిక్యులేటర్‌లో కొట్టి చూస్తే ఇక్కడి 24 లక్షలు అక్కడి 1,17,000 డాలర్లతో సమానం అని చూపించింది. అంటే వెళ్తే జీతం తగ్గినట్టే కదా, మరి వెళ్లినవాళ్లంతా ఇక్కడ ప్లాట్లు ఎలా కొంటున్నారు, ఇందులో ఏది నిజం అని అడిగారు.

కాలిక్యులేటర్ భాగహారం సరిగ్గానే చేసింది. 24 లక్షలను పీపీపీ రేటు 20.5తో భాగిస్తే అంతే వస్తుంది. కానీ ఆ 20.5 దేశాల్ని పోల్చడానికి తయారైన అంకె, మీ ఇంటి ఖర్చుల్ని చూసి వేసింది కాదు. నేను చాలా ఏళ్లు ధరల సర్వేల పనిలో ఉండి, ఇప్పుడు డిగ్రీ పిల్లలకు ఇదే పాఠం చెబుతున్నాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. 1968లో ఐక్యరాజ్యసమితి, పెన్సిల్వేనియా యూనివర్సిటీ కలిసి మొదలుపెట్టిన ఇంటర్నేషనల్ కంపారిజన్ ప్రోగ్రామ్ అని ఒకటుంది, ఇప్పుడు ప్రపంచ బ్యాంకు నడిపిస్తోంది. కొన్నేళ్లకోసారి దేశదేశాల్లో ఒకే రకం వస్తువుల ధరలు సేకరిస్తారు. 2021 సర్వేలో 176 దేశాలున్నాయి, ఫలితాలు 2024 మేలో వచ్చాయి. మన దగ్గర కేంద్ర గణాంక శాఖ ఈ పని చూస్తుంది. 2017 సర్వే ప్రకారం అమెరికాలో ఒక డాలరుకు వచ్చే సరుకు ఇండియాలో 20.65 రూపాయలకు వస్తుంది. ఆ ఏడాది బ్యాంకులో డాలరు 65.12 రూపాయలు. అంటే అక్కడ వంద రూపాయలయ్యే సరుకు సగటున మన దగ్గర 32 రూపాయలకు దొరుకుతుందన్నమాట. ఇప్పటికీ ఆ రేటు 20 ప్రాంతంలోనే ఉంది, డాలరు మాత్రం 85 దాటేసింది.

"ఒకే రకం వస్తువు" అనేయడం తేలికే గానీ అసలు తంటా అంతా అక్కడే. మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ కాటన్ షర్టు ధర కావాలనుకోండి. సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ఒక షాపులో 450 చెప్తాడు, గుడ్డ పట్టుకుని చూస్తే సగం పాలిస్టర్. అది లెక్కలోకి రాదు. పక్క షాపులో అసలు కాటన్ ఉంటుంది, కానీ బ్రాండ్ ఉండదు. మాల్‌కి వెళ్తే బ్రాండ్ దొరుకుతుంది, కానీ 2,000 పెట్టి ఆ షర్టు కొనేవాళ్లు ఊళ్లో ఎంతమంది? నాసిరకాన్ని మంచి రకంతో పోల్చేస్తే మనం ఉన్నదానికంటే చవగ్గా కనిపిస్తాం. అలాగని అచ్చం అమెరికా రకమే కావాలని పట్టుబడితే ఇక్కడ ఎవరూ కొనని వస్తువుకు ధర రాసుకొచ్చినట్టవుతుంది. అందుకే ప్రతి వస్తువుకూ గుడ్డ ఏది, సైజు ఎంత, ప్యాకింగ్ ఎలా, ఏ రకం షాపు అని పెద్ద వర్ణన ఇస్తారు, ఆ వస్తువు ఈ దేశంలో జనం మామూలుగా కొనేదేనా అని కూడా గుర్తు పెట్టుకుంటారు. ఇంత చేసినా గవర్నమెంటు స్కూల్ టీచరు పాఠానికి మార్కెట్ ధర ఉండదు కదా, ఆస్పత్రి వైద్యానికీ అంతే, వాటిని జీతాల లెక్కతో అంచనా వేస్తారు. ఆ భాగం ఎప్పుడూ కాస్త కాకిలెక్కే.

ధరలు దొరికాయి సరే, వాటిని కలిపి ఒకే అంకె చేయడం ఎలా? ఇది అర్థమైతే మీ ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే. నాలుగైదు వస్తువులతో చేసి చూద్దాం, ధరలు నేను అందాజాగా గుండ్రం చేశాను. మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ అద్దె 25,000, డల్లాస్‌లో 1,900 డాలర్లు. పెట్రోలు ఇక్కడ లీటరు 107, అక్కడ 80 సెంట్లు. పాలు ఇక్కడ 64, అక్కడ ఒక డాలరు. కటింగ్ ఇక్కడ 130, అక్కడ 25 డాలర్లు. పనిమనిషి ఇక్కడ నెలకు 3,500, అక్కడ రోజూ ఒక గంట ఎవరినైనా పిలిస్తే గంటకు 25 చొప్పున 750 డాలర్లు.

ఒక్కో వస్తువునూ విడిగా చూడండి. కటింగ్‌లో డాలరు విలువ 5 రూపాయలు. పెట్రోల్లో 134 రూపాయలు, అంటే బ్యాంకు రేటు కంటే ఎక్కువ. పెట్రోలు అమెరికాలోనే చవక, ఇది చాలామంది గమనించరు.

ఇప్పుడు డల్లాస్ కుటుంబం నెలకు వాడేది తీసుకోండి: ఒక ఇల్లు, 150 లీటర్ల పెట్రోలు, 15 లీటర్ల పాలు, ఒక కటింగ్, పనిమనిషి లేదు. అక్కడి ధరల్లో 2,060 డాలర్లు, అవే ఇక్కడ కొంటే 42,140 రూపాయలు. డాలరుకు 20 రూపాయల 46 పైసలు. (కాలిక్యులేటర్ అంకెకు ఇంత దగ్గరగా రావడం కాకతాళీయం, దానికేమీ అర్థం లేదు.) మియాపూర్ కుటుంబం వాడేది తీసుకోండి: ఒక ఇల్లు, 20 లీటర్ల పెట్రోలు, 45 లీటర్ల పాలు, రెండు కటింగులు, రోజూ పనిమనిషి. ఇక్కడ 33,780 రూపాయలు, అవే అక్కడ కావాలంటే 2,761 డాలర్లు. డాలరుకు 12 రూపాయల 23 పైసలు.

ధరలు అవే. ఎవరి బుట్టతో, అంటే ఎవరు నెలకు వాడే సరుకుల జాబితాతో, కొలిచామన్న దాన్నిబట్టి డాలరు ఒకసారి 20, ఒకసారి 12 అయింది. దీంట్లో వింతేమీ లేదు, ఏ ఊళ్లో ఏది చవకో అక్కడి జనం అదే ఎక్కువ వాడతారు, కాబట్టి ఎవరి బుట్ట వాళ్ల ఊళ్లోనే చవగ్గా కనిపిస్తుంది. మధ్యేమార్గంగా రెండు అంకెల్నీ గుణించి వర్గమూలం తీస్తారు, ఇక్కడ దాదాపు 16 వస్తుంది. రెండు దేశాలకైతే ఇంతే, నూట డెబ్భై ఆరు దేశాల్ని ఒకేసారి సర్దేటప్పుడు ఇంకా మెలికలున్నాయి, అవి మనకు అనవసరం. మీరు గుర్తుపెట్టుకోవాల్సిందల్లా ఆ 16 ఎవరి బుట్టా కాదని. మీరు డల్లాస్ వెళ్లాక కూడా రోజూ వంటమనిషి, నెలకు 45 లీటర్ల పాలు, ఇంటి ముందుకొచ్చే ఆటో అంటూ మియాపూర్ లెక్కనే బతకాలనుకుంటే కాలిక్యులేటర్ చెప్పినదానికంటే ఎక్కువే ఖర్చవుతుంది. వారంలో అక్కడివాళ్లలా మారిపోయి, అంట్లు డిష్‌వాషర్‌లో వేసుకుని, గ్యాలన్ డబ్బా పాలు తెచ్చుకుంటే తక్కువలో వెళ్లిపోతుంది. నేను చూసినంతలో అందరూ మొదటి ఆరు నెలలు మొదటి రకం, తర్వాత రెండో రకం.

కటింగ్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. మియాపూర్ కుర్రాడు గంటకు ఎన్ని తలలు కత్తిరిస్తాడో డల్లాస్ కుర్రాడూ ఇంచుమించు అన్నే కత్తిరిస్తాడు. పనితనంలో తేడా లేదు, బ్యాంకు రేటుతో చూస్తే కూలిలో పదహారింతల తేడా. కారణం వాళ్లిద్దరిలో లేదు, చుట్టూ ఉన్న ఫ్యాక్టరీల్లో, ఆఫీసుల్లో ఉంది. అమెరికాలో యంత్రాలతో, టెక్నాలజీతో ఒక్కో మనిషి ఉత్పత్తి చేసే విలువ చాలా ఎక్కువ, దానివల్ల జీతాలు పెరిగాయి. ఆ జీతాలకు దీటుగా ఇవ్వకపోతే కత్తెర పట్టేవాడు ఎవడూ మిగలడు. కత్తిరింపును ఓడలో ఎక్కించి దిగుమతి చేసుకోలేం కాబట్టి ఆ ధర అక్కడే పైన నిలబడిపోతుంది. 1964లో బలాసా, శామ్యూల్సన్ అనే ఆర్థికవేత్తలు ఇద్దరూ విడివిడిగా ఈ మాటే చెప్పారు. పేద దేశాల్లో సేవలు చవగ్గా ఉండటానికి అసలు కారణం అక్కడ మనుషుల కూలి చవగ్గా ఉండటమే. కాబట్టి "హైదరాబాద్‌లో బతుకు చవక" అని మనం సంబరపడే ప్రతిసారీ ఆ చవక ఎవరి జీతంలోంచి వస్తోందో కూడా చూడాలి. మీ ఇంట్లో అంట్లు తోమే ఆమెకు పనిమనిషి లేదు, రెస్టారెంటు లేదు. ఆమె జీతంలో పెద్ద భాగం బియ్యం, నూనె, పప్పు, కూరగాయలు, గ్యాస్. తిండి సామాను వరకే చూస్తే ఇండియాకూ అమెరికాకూ ధరల తేడా మొత్తం బుట్టలో ఉన్నంత ఉండదు. అంటే మీకు చవగ్గా కనిపించే హైదరాబాద్ ఆమెకు అంత చవక కాదు. రేషన్ సన్నబియ్యం, మహిళలకు ఉచిత బస్సు, 200 యూనిట్ల లోపు ఉచిత కరెంటు ఆ ఇళ్లల్లో ఎందుకంత పెద్ద విషయమో దీన్నిబట్టే అర్థమవుతుంది.

ప్రపంచ బ్యాంకు పేదరిక రేఖ కూడా ఈ రేటుతోనే వేస్తారు. 2025 జూన్ నుంచి అది రోజుకు 3 డాలర్లు. దాన్ని 85తో గుణించి "రోజుకు 255 రూపాయలా, అయితే దేశంలో సగం మంది పేదలే" అని వాట్సాప్‌లో వాదించేవాళ్లను చూశాను. అది పీపీపీ డాలరు, 2021 ధరల్లో మన అరవై రూపాయల ప్రాంతం. ఏ డాలరో చూసుకోకపోతే ఇలాగే ఉంటుంది.

దేశాల్ని పోల్చడానికి మాత్రం ఇంతకంటే మంచి సాధనం లేదు. 2017లో తలసరి జీడీపీ మార్కెట్ రేటుతో చూస్తే మనది అమెరికాలో ముప్ఫయ్యో వంతు. పీపీపీతో చూస్తే పదో వంతు. ముప్ఫయ్యో వంతు అనేది నమ్మశక్యం కాదు, అంత తక్కువలో మనుషులు బతకలేరు. పదో వంతు అంటే కళ్లకు కనిపించేదానికి సరిపోతుంది. అయితే "పీపీపీలో ఇండియా ప్రపంచంలో మూడో స్థానం" అనే హెడ్డింగ్ చూసి ఛాతీ పొంగించేవాళ్లు ఆ మొత్తాన్ని జనాభాతో భాగించి చూడటం మర్చిపోతారు. ఇంకో సంగతి, ఈ అంకెలు రాతి మీద చెక్కినవి కావు. 2005 ధరల సర్వే ఫలితాలు 2007 చివర్లో వచ్చినప్పుడు చైనా, ఇండియా ఆర్థిక వ్యవస్థల సైజు అంతకుముందు అంచనా కంటే దాదాపు 40 శాతం తగ్గిపోయింది. ఆ రోజు ఎవరి కంచంలోనూ ఒక్క మెతుకు తగ్గలేదు, తగ్గింది అంచనా మాత్రమే. తర్వాతి సర్వేలో మళ్లీ చాలావరకు పైకి లేచింది. అలాంటి అంకెను పట్టుకుని 1,17,000 ఎక్కువా, 1,05,000 ఎక్కువా అని మీరు కంగారు పడుతున్నారు. ఆ మాత్రం తేడా సర్వే తప్పొప్పుల్లోనే కొట్టుకుపోతుంది.

ఇల్లు సంగతి విడిగా చెప్పాలి, హైదరాబాద్ వాళ్లు ఎక్కువ బోల్తా పడేది ఇక్కడే. పీపీపీ లెక్కలోకి వచ్చేది అద్దె, కొత్త నిర్మాణం ఖర్చు. భూమి ధర రాదు, ఎందుకంటే ఉన్న భూమి చేతులు మారితే అది జీడీపీ కాదు. మన దగ్గర 90 లక్షల ఫ్లాట్‌కు అద్దె పాతిక వేలు వస్తే గొప్ప. డల్లాస్ శివార్లలో మూడున్నర లక్షల డాలర్ల ఇంటికి 2,200 దాకా వస్తుంది. అంటే అద్దె ప్రకారం చూస్తే హైదరాబాద్ చాలా చవక, కొనాలంటే అంత చవకేం కాదు. మీరు ఇక్కడ అద్దెకే ఉంటానంటే పీపీపీ మీకు నిజం చెబుతోంది. కొంపల్లిలో ప్లాట్ కొనాలన్నది మీ లక్ష్యమైతే దాని గురించి ఆ అంకెకు ఏమీ తెలియదు.

ఇక మీ ప్రశ్నకు నేరుగా. జీతాన్ని ఒకే రేటుతో మార్చకూడదు. ఖర్చుపెట్టే డబ్బుకు ఒక రేటు, మిగిల్చి ఇక్కడికి పంపే డబ్బుకు ఇంకో రేటు. అక్కడ అద్దెకు, కూరగాయలకు పోయే డాలరుకు పీపీపీ వర్తిస్తుంది. మిగిల్చి పంపిన డాలరు బ్యాంకులో నిఖార్సుగా 85 రూపాయలవుతుంది, ఈమధ్య అంతకంటే ఎక్కువే, లెక్కకు 85 అనుకుందాం. వెళ్లినవాళ్లు ప్లాట్లు కొంటున్నది ఈ రెండో రేటు వల్లే.

మీ అంకెలు వేద్దాం. ఇక్కడ 24 లక్షల మీద ట్యాక్స్, పీఎఫ్ పోగా నెలకు 1,65,000 చేతికొస్తుందనుకుందాం, పీఎఫ్ ఎలా కోస్తారో బట్టి కాస్త అటూ ఇటూ. అద్దె 25,000, పాప స్కూలు, బస్సు 15,000, సరుకులు, పాలు, కూరలు 20,000, పనిమనిషి, వంటమనిషి 9,000, కారు కంతు, పెట్రోలు 12,000, కరెంటు, మెయింటెనెన్స్, ఫోన్లు 7,000, బయట తిండి, సినిమాలు, చిల్లర ఖర్చులు 7,000. మొత్తం 95,000. మిగిలేది 70,000.

డల్లాస్‌లో 1,05,000 డాలర్ల మీద ఫెడరల్ ట్యాక్స్, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్, కుటుంబానికి హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం పోగా నెలకు 6,800 దాకా వస్తుంది. డల్లాస్ ఉన్న టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదు, అదే కాలిఫోర్నియా అయితే ఈ లెక్క వేరు. అద్దె 1,900, కారు కంతు, ఇన్సూరెన్స్, పెట్రోలు 850, తిండి 900, కరెంటు, ఫోన్లు, నెట్ 350, స్కూలు అయ్యాక పాపను ఉంచడానికి 500, డాక్టరు దగ్గర చేతినుంచి కట్టేవీ ఇతరాలూ 500. మొత్తం 5,000. మిగిలేది 1,800.

ఇప్పుడు రెండు రేట్లూ వేయండి. అక్కడి 5,000 ఖర్చు పీపీపీలో 1,02,500 రూపాయలు. ఇక్కడి 95,000తో పోలిస్తే బతుకు ఇంచుమించు అంతే, ఒక మెట్టు పైన అనుకోండి. మిగిలిన 1,800 మాత్రం 1,53,000 రూపాయలు, ఇక్కడి 70,000కు రెట్టింపు పైన. కాలిక్యులేటర్ నష్టం అన్నచోట నెలకు 83,000 లాభం కనిపిస్తోంది.

కానీ ఇందులో మీ మిసెస్ జీతం వేయలేదు. ఇంటి ఖర్చులన్నీ మీ జీతంలోంచే పోతున్నాయి కాబట్టి ఆమె 80,000 మొత్తం మిగులే. ఇక్కడ ఇద్దరిదీ కలిపి మిగిలేది 1,50,000. అక్కడ మీ ఒక్కరి మీద 1,53,000. సున్నాకి సున్నా. పైగా అక్కడి మిగులు ఇండియాకు పంపితేనే 1,53,000, అక్కడే ఇల్లు కొని డౌన్ పేమెంట్ కడితే అది మళ్లీ అక్కడి ధరల డబ్బే అయిపోతుంది.

కాబట్టి ఈ నిర్ణయంలో పీపీపీ కంటే పెద్ద విషయం మీ ఆఫర్ ఏ వీసా మీద అన్నది, మీరు అది రాయనేలేదు. హెచ్1బీ ఉద్యోగ వీసా అయితే ఆమె హెచ్4 (భార్య/భర్తకిచ్చే వీసా) మీద వస్తారు, మామూలుగా మీ ఐ-140 (గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే దరఖాస్తు) ఆమోదం అయ్యాక గానీ ఆమెకు పని అనుమతికి అప్లై చేసే వీలుండదు, దానికి ఎంతకాలం పడుతుందనేది మీ కంపెనీ ఎప్పుడు మొదలుపెడుతుందన్న దానిమీద ఉంటుంది. మీ కంపెనీయే ఎల్1 మీద పంపిస్తుంటే ఆమెకు ఎల్2, అందులో వెళ్లిన వెంటనే పని చేయవచ్చు. ఆమెకు అక్కడ 60,000 డాలర్ల ఉద్యోగం దొరికినా మొత్తం లెక్క తిరగబడుతుంది, ఎందుకంటే ఇంటి ఖర్చులు ఎలాగూ మీ జీతం మోస్తుంది, ఆమెది ట్యాక్స్, డేకేర్ పోగా మిగిలిందంతా 85 రేటుకు వచ్చే డబ్బు.

ధర లేని సంగతులు కూడా ఉన్నాయి, అవి మీరే తేల్చుకోవాలి. పొద్దున మియాపూర్ నుంచి గచ్చిబౌలికి పట్టే గంట, ఎండాకాలం నీళ్ల ట్యాంకర్ కోసం ఎదురుచూపులు, ఇవి ఏ బుట్టలోనూ లేవు, ఇవి కూడా చూసుకుంటే అక్కడి బతుకు మన లెక్కలు చూపించేదానికంటే మెరుగ్గా ఉంటుంది. అమ్మానాన్న ఇక్కడ ఉంటే అది రెండో వైపు. గ్రీన్ కార్డు క్యూ మనవాళ్లకు దశాబ్దాల పొడవు, ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాల్సిన టెన్షన్ ఒకటి.

వీసా ఏదో, కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్‌లో డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలయ్యేలోపు మీరు చేతినుంచి కట్టాల్సింది) ఎంతో, వెళ్లేటప్పుడు సామానుకు, టికెట్లకు వాళ్లిస్తున్నారా మీరే పెట్టుకోవాలా అనేవి మూడూ హెచ్‌ఆర్‌ను అడిగి రాయండి. పైన నేను వేసిన 500, 350 లాంటి అంకెలు అందాజావి, మీవి పెట్టి మళ్లీ చేద్దాం.